ఎర్రగీతకు బెత్తెడు కింద

మా ఇంటి ముందర యాపచెట్టు మాను మీద ఒక ఎర్రగీత ఉండాది. నేను పక్కన నిలబడితే నా రొమ్ము కాడికి వస్తాది. ఆ గీత గీసింది ఒక ఆడపిల్ల. మా ఊరి సచివాలయంలో ఇండ్ల ప్లాన్లు చూసే పాప. ఈడ కట్టుకునే ఇంటి నేల ఈ గీతకు తక్కువ ఉండకూడదని చెప్పి, పెయింటు డబ్బాలో కుంచె ముంచి తన చేత్తోనే గీసింది. మేము ఆ మాట సగం విన్నాము, సగం వినలేదు. విన్న సగం ఈరోజు కూడా నిలబడే ఉండాది, దాంట్లోనే నేను కూచోనుండా. వినని సగంలో నా మొగుడు పోయినాడు.

మాది మైదుకూరుకు దగ్గరే, నేతోళ్ళ ఊరు. ఊరికి తూర్పున ఒక వంక ఉండాది. పేరుకే వంక. నేను కాపురానికి వచ్చిన కాడినుంచి దాంట్లో నేను చూసింది కంపచెట్లు, పగిలిన సీసాలు, కోళ్ళ ఈకలు. పిల్లోళ్ళు దాంట్లోనే క్రికెట్ ఆడుతాండ్రి. మా అత్త ఒక్కతే చెప్తాండె. తన చిన్నతనంలో ఒకసారి ఆ వంక వచ్చి, రెండెద్దుల్ని బండితో సహా తీసకపోయిందంట. మేము ఊఁ కొట్టి, ఆమె తలకాయ అటు తిప్పినాక నవ్వుకుంటాంటిమి. వంక కాదు అత్తా, నువ్వు చూసింది కల అంటాంటి నేను. ఆమె కోపం చేసుకునేది కాదు. "నాకేం మే, నేను పోయేదాన్ని" అనేది, అంతే.

మాది గుంత మగ్గం. చూడనోళ్ళకు చెప్తాండా. మగ్గం నేల మీదనే ఉంటాది. నేసే మనిషి కాళ్ళు పెట్టుకునేకి నేలలో గుంత తవ్వుతారు. దాని గట్టు మీద కూచోని, కాళ్ళు లోపలికి దించి, అడుగున ఉండే చెక్కలు తొక్కుతాడు. మొలకాడికి మనిషి భూమిలో ఉన్నట్టే. ఎందుకు ఇట్లా అంటే నేలలో చెమ్మ ఉంటాది. నూలుకు చెమ్మ కావాల. మా సీమ గాలి ఎట్లాంటిదంటే ఉతికిన గుడ్డ ఆరేసి ఇంట్లోకి వచ్చేలోపల ఆరిపోతాది. ఆ గాలికి పడుగు పోగులు పుటుక్కు పుటుక్కున తెగుతాయి. గుంతలోనుంచి పైకి వచ్చే చెమ్మే మా నూలును కాపాడుతాది.

పై వీధిలో మా పాత ఇల్లు ఉన్నప్పుడు ఆ చెమ్మ ఉండె. తర్వాత వీధంతా సిమెంటు రోడ్డు పడింది. ఇంటికొక బోరు పడింది. నేల అడుగు దాకా ఎండిపాయ. ఎండాకాలం వస్తే గుంతలో ఇసుక పోసి నీళ్ళు చల్లేది, పడుగు కింద తడి గోనెసంచులు పరిచేది. ఎన్ని చేసినా గంటకే ఆరిపోయేది. నేను పక్కన రాట్నం దగ్గర కూచోని కండెలు చుడతాంటే, మగ్గం చప్పుడు ఆగిపోయినప్పుడల్లా పోగు తెగిందని తెలిసేది. ఆగడం, అతకడం, మళ్ళా నాలుగు పోట్లు, మళ్ళా ఆగడం. ఒకరోజు నా మొగుడు పోగు విసిరే నాడె పక్కన పెట్టి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకోని ఊరికే కూచున్నాడు.

"ఏమయ్యా, తెగిందా?" అంటి.

"పోగు కాదు మే. నేనే తెగినా," అన్నాడు.

నవ్వతా అన్నాడు గానీ, నాకు అన్నం సయించలేదు ఆ పూట.

వంక పక్కన మా అత్తకు పుట్టింటోళ్ళు ఇచ్చిన స్థలం కొంచెం ఉండె. ఆమె కాలంలో ఆడ పడుగులు పరిచి గంజి పెట్టేవాళ్ళంట. ఎందుకూ పనికిరాదని వదిలేసినాము. ఆ ఎండల్లోనే ఒకరోజు పొద్దున నన్ను పిల్చకపోయినాడు. గడ్డపారతో రెండు పోట్లు పొడిచి, వంగి పిడికెడు మన్ను తీసినాడు. పిసికినాడు. ముక్కు కాడ పెట్టుకున్నాడు. నా ముక్కు కాడ కూడా పెట్టినాడు.

"ఏం వాసన?"

"మన్ను వాసన."

"కాదు మే, చెమ్మ వాసన. ఎండలు మండిపోతాంటే ఈడ చెమ్మ ఉండాది చూడు."

ఆ మొగం నేను మరిచిపోలేను. పెండ్లిచూపులప్పుడు కూడా నన్ను చూసి అట్లా మొగం పెట్టలేదు. ఆడ చెమ్మ ఎందుకుండాదో మా ఇద్దరికీ తట్టలేదు. నీళ్ళు నడిచే దోవ గనకనే చెమ్మ ఉండాదని, ఇప్పుడు ఎవరు చెప్పకపోయినా తెలుస్తాంది.

పాత ఇల్లు అమ్మి ఆడ కట్టుకుందామని ప్లాను పెట్టుకున్నాము. అప్పుడు వచ్చింది ఆ పాప. సన్నగా, కండ్లద్దాలు పెట్టుకోని, స్కూటీ మీద వచ్చింది. మా కూతురు కంటే చిన్నది. మా కూతుర్ని మైదుకూరులోనే ఇచ్చినాము, అల్లుడిది టైలరు షాపు. ఆ పాపను చూస్తే నాకు కూతురే ఇంటికొచ్చినట్టు అనిపించి, మజ్జిగ ఇచ్చినా.

స్థలం వెనక సర్వేయరు నాటిన హద్దురాయి ఒకటుంటే, దానిమీద కాలు పెట్టి నిలబడి చెప్పింది. "పెద్దమ్మా, ఈ రాయినుంచి వంకవైపు ఏమీ కట్టకూడదు. ఇటువైపు కట్టుకోవచ్చు గానీ నేల ఎత్తు లేపాల. వంక వస్తే నీళ్ళు ఇంట్లోకి రాకూడదు."

"వంక వస్తాదా పాపా?" అన్నాడు నా మొగుడు. "వచ్చేటప్పుడు ఫోన్ చేసి వస్తాదా?"

ఆ పిల్లకు నవ్వొచ్చింది. ఆపుకుంది. అప్పుడే యాపచెట్టు కాడికి పోయి గీత గీసింది. "ఇంతెత్తు. మెట్లు పెట్టుకోండి."

అతను ఆ గీత పక్కన నిలబడి చూసుకున్నాడు. "మాది గుంత మగ్గం పాపా. ఇంతెత్తు మొరం పోసి దాంట్లో గుంత తవ్వితే అది గుంత కాదు, పొయ్యి. చెమ్మ యాడనుంచి వస్తాది? గాల్లో గుంత తవ్వమంటావా?"

"స్టాండు మగ్గం పెట్టుకోండి."

"పోగులు తెగుతాయి."

"నేనేం చేసేది పెద్దాయనా. మనుషులు కూచునే చోటు, పండుకునే చోటు గీతకు కింద కట్టేకి నేను ఒప్పుకోకూడదు. గడ్డివామి వేసుకుంటారో, పశువుల కొట్టం వేసుకుంటారో అది వేరే."

ఆ మాట ఆ పిల్ల ఊరికే అనింది. నేను దాన్ని ఊరికే పోనియ్యలేదు. ఆ పాప స్కూటీ మలుపు తిరిగేలోపల నా బుర్రలో కొట్టం లేచి నిలబడింది. అందుకే చెప్తాండా, ఆ ఉపాయం అతనిది కాదు. నాది.

రెండు గదులు గీతకు సరిగ్గా ఎత్తు లేపినాము. ఆరు మెట్లు. వాటికి కిందుగా, వంకవైపు, హద్దురాయికి ఇటుపక్కనే ఒక కొట్టం. ప్లానులో పశువుల కొట్టం అని రాయించినాము. కొట్టం గదా అని కట్టింది కూడా కొట్టం మాదిరే. పిల్లర్లు లేవు. బురదమన్నుతో పెట్టిన ఇటుక గోడలు, పైన రేకులు. లోపల గుంత తవ్వినాడు. మోకాటి లోతుకే మన్ను చల్లగా తగిలిందంట. లోపలినుంచి కేకేసినాడు, "మే, ఈడికి రా, కాళ్ళు పెట్టి చూడు" అని. ఇద్దరమూ గుంతలో నిలబడి, ముసలోళ్ళము, చిన్నపిల్లోళ్ళ మాదిరి నవ్వుకున్నాము.

ఇల్లు అయినాక ఆ పాప చూసేకి వస్తాదని తెలిసింది. ముందురోజే పడుగు చుట్టి పైగదిలో పెట్టినాము. గుంత మీద పలకలు పరిచి, పలకల మీద చెత్త పరిచి, దాని మీద వరిగడ్డి. మగ్గం గుంజలు పీకేకి అతనికి మనసు రాలేదు. "ఉండనీలే, ఎనుమును కట్టేకి పనికొస్తాయి" అన్నాడు. ఎనుము మాకు యాడుండాది? పక్క సందులో పాలామెను అడిగినా.

"మీకు ఎనుమెందుకే?" అనింది ఆమె.

"ఒక గంట సేపు. మా ఇంటికి చుట్టం వస్తాది."

"చుట్టానికి ఎనుమును చూపించేది కొత్త మర్యాదా?"

సంగతి చెప్పినాక పొట్ట పట్టుకోని నవ్వింది. ఎనుమును తోలుకొచ్చి తనే గుంజకు కట్టి, "దీనికి అబద్ధం చెప్పేది రాదు, చూసుకో" అని పోయింది.

ఆమె అన్నట్టే అయింది. మూలలో గంజికుండ పెట్టి మరిచిపోయినా. పడుగుకు పెట్టే గంజి. పాప లోపలికి వచ్చి కాగితం చూస్తాంటే, ఎనుము తాడు లాక్కోని పోయి కుండలో మూతి పెట్టి గటగటా తాగింది. తలకాయ ఎత్తేసరికి దాని కొమ్ములకు, మూతికి దూది పీచులు. మగ్గం గుంజలకు ఉండేవి అంటుకున్నాయి. ముసలి పెండ్లికొడుకు మాదిరి ఉండె అది.

పాప దాన్ని చూసింది. నన్ను చూసింది. "పెద్దమ్మా, మీ ఎనుము నేస్తాదా?"

"గంజి మటుకే తాగుతాది పాపా. నేసేది ఇంకా నేర్చుకోలేదు," అన్నాడు నా మొగుడు.

ఆ పిల్ల నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగుతాండాయి. నవ్వి నవ్వి కండ్లద్దాలు తీసి తుడుచుకుంది. అప్పుడు నడిచి కొట్టం మధ్యలోకి వచ్చింది. గడ్డి కింద పలక చప్పుడు వేరేగా వచ్చింది, డోలు మాదిరి. ఆగింది. కాలితో ఇంకోసారి తట్టింది. నవ్వు పోయింది మొగంలో.

"పెద్దమ్మా, నిజం చెప్పు. ఇది కొట్టమేనా?"

మాట తడబడితే అయిపోతాది అనిపించింది. అతని దిక్కు చూసినా. అతను నేలచూపు చూస్తాండాడు. ఆ చల్లటి మన్ను తగిలినప్పటి మొగం మతికొచ్చింది నాకు. కొంగు కింద చెయ్యి పెట్టి, తాళి బయటికి తీసి పట్టుకున్నా.

"కొట్టమే పాపా. నా తాళి మీద ఒట్టు."

మా ఇండ్లల్లో ఆడది తాళి పట్టుకోని చెప్పినాక ఇంక ఎవరూ అడగరు. మొగుడు కూడా అడగడు. ఆ పిల్ల కూడా అడగలేదు. కాగితం మీద సంతకం చేసి, మజ్జిగ కూడా తాగకుండా పోయింది. అతను గడ్డి తీసి, పలకలు ఎత్తి పక్కన పెట్టినాడు. పొద్దు కుంకేటప్పుడు, "అంత మాట ఎందుకన్నావు మే" అన్నాడు.

"నీ కోసమే గదా."

"నా కోసం అని నామీదనే పెడతావా?"

నేను నవ్వేసినా.

తర్వాత రెండేండ్లు మేము బాగా బతికినాము. అది చెప్పకపోతే అన్యాయం. మగ్గం ఆగేది కాదు. ఎండాకాలంలో కూడా పూటకు ఒకటో రెండో పోగులు తెగితే ఎక్కువ. నేను కండెలు చుడతా చుడతా ఆ చప్పుడు వింటా కునికేదాన్ని. చప్పుడు ఆగకపోతే నిద్ర బాగా పడతాది. అతని చీరెలు మెత్తగా, ఒక్క ముడి చేతికి తగలకుండా వస్తాండె. వంక వానాకాలంలో ఒకసారి పాదాల లోతు పారింది. అతను దాంట్లో కాళ్ళు కడుక్కోని వచ్చి, "చూస్తివా, మీ పాప చెప్పిన వంక. ఫోన్ చేయకుండానే వచ్చింది" అన్నాడు.

పాప ఆ దోవన పోయినప్పుడల్లా స్కూటీ నిదానం చేసేది. మగ్గం చప్పుడు వినపడకుండా ఉండదు. ఆపేది కాదు. నేను చెయ్యెత్తితే చెయ్యెత్తేది.

మూడో ఏడు కార్తీకంలో ముసురు పట్టింది. మూడు రోజులు ఆగలేదు. మా ఊరికి పైన చెరువు ఒకటుండాది, అది నిండి నేను ఎప్పుడూ చూడలేదు. నాలుగోరోజు పొద్దున రెయిన్‌కోటు వేసుకోని ఆ పాప వంకపక్క ఇండ్లు ఒక్కొక్కటే తిరుగుతాంది. మా గుమ్మం కాడికి వచ్చేసరికి గొంతు పోయి ఉండె.

"చెరువు అలుగు పారతాంది పెద్దమ్మా. కట్ట బాగలేదంటాండారు. బడికాడికి పోండి."

"మాకు ఎత్తు గదులు ఉండాయి గదా పాపా. నువ్వే గీసిస్తివి."

"అయితే మెట్లెక్కి కూచోండి, దిగొద్దు." అని, కొట్టం దిక్కు చూసి, నా దిక్కు చూసింది. "కొట్టంలో ఏమన్నా ఉంటే ఇప్పుడే తీసేయండి. ఇప్పుడే."

కొట్టంలో పెండ్లిచీర ఉండె. మైదుకూరోళ్ళ పెండ్లి. పసుపుచీర, ఎర్ర అంచు. ఇంక నాలుగు మూరలు నేస్తే అయిపోతాది. అతను పొద్దున్నే కూచోని తొక్కుతాండాడు. పాప చెప్పిన మాట చెప్పినా. "నాలుగు మూరలే గదా" అన్నాడు. నేను చెయ్యిపట్టి లాగలేదు. అన్నం వండేకి పైకి పోయినా.

మధ్యాన్నానికి ముందు వచ్చింది. నీళ్ళు వచ్చే చప్పుడు ఎట్లుంటాదో నాకు తెలియదు గదా, లారీ వస్తాందనుకున్నా. అరుగు మీదికి వచ్చి చూస్తే వంక కనపడలేదు. అంతా ఒకటే ఎర్రనీళ్ళు, కంపచెట్లు వేర్లతో సహా దొర్లుకుంటా పోతాండాయి. కొట్టం వాకిట్లో మోకాటి లోతు. కేకేసినా. అతను వచ్చినాడు, మెట్లెక్కినాడు, తలకాయ తుడుచుకున్నాడు. నా పక్కన నిలబడినాడు. అంతటితో అయిపోయి ఉంటే బాగుండు.

"చీర ఉండిపాయ," అన్నాడు.

"పోతే పోనీ."

"పెండ్లిపిల్లది మే. కోసుకోని వస్తా, నిమిషం." గూట్లోనుంచి కొత్త బ్లేడు తీసి జేబులో వేసుకున్నాడు.

నాకు అప్పుడే తెలుసు, అతను కోయడని. వాళ్ళ నాయన నేర్పించిన పని అట్లాంటిది. నేసే చీరను మధ్యలో కోసేది వాళ్ళ వంశంలో లేదు. విప్పాల. ముడులు ఒక్కొక్కటే వదులు చేసి, చుట్టి తేవాల. అయినా బ్లేడు తీసుకున్నాడు గదా అని పోనిచ్చినా.

అరుగు మీదనుంచి కొట్టం తలుపులోకి కనపడతాంది. అలవాటు చొప్పున గట్టు మీద కూచున్నాడు, కాళ్ళు గుంతలోకి దించి. గుంత నిండా నీళ్ళు. రొమ్ముకాడికి నీళ్ళల్లో ఉండి చేతులు పైకెత్తి ముడులు విప్పుతాండాడు.

"కోసెయ్యయ్యా," అని అరుస్తాండా నేను.

"వస్తాండా. ఒక్క పక్క అయిపాయ," అన్నాడు. గొంతులో భయం లేదు. పనిలో ఉన్నప్పుడు మాట్లాడే గొంతే.

వంకవైపు గోడ బురదమన్ను గోడ గదా. నానిపోయి ఉండాది. ఒరగలేదు, పగల్లేదు. ఒక్కసారిగా కూచుండిపోయింది, అతని మీద. రేకులు పైన పడినాయి. నేను మూడు మెట్లు దిగినా, నాలుగో మెట్టు నీళ్ళల్లో ఉండె. కాలు పెడితే కాలు నిలబడలేదు. మెట్టు పట్టుకోని పిలుస్తానే ఉన్నా. ఆరు మెట్లల్లో ఐదు మునిగినాయి. ఆరోది మునగలేదు. నేను కూచున్న అరుగు తడవలేదు.

నీళ్ళు తీసినాక ఊరోళ్ళు వచ్చి ఇటుకలు ఎత్తినారు. చీర సగం చుట్టి ఒళ్ళో ఉండె. బ్లేడు జేబులో ఉండె. కాగితం కూడా విప్పలేదు దానికి.

ఐదోనాడు ఆఫీసర్లు వచ్చినారు. యాపచెట్టు కింద కుర్చీలు వేసినారు. చెట్టు మీద బురద ఆనవాలు పట్టి టేపుతో కొలిచినారు. ఎర్రగీతకు బెత్తెడు కింద నిలిచి ఉండె ఆ ఆనవాలు. ఆ గీత గీసినప్పుడు ఆ పిల్ల వయసెంత, మా వయసెంత. ఒకాయన గీతను, ఆనవాలును మార్చి మార్చి చూసినాడు. తర్వాత కాగితాలు తీసి ఆ పాపను నిలబెట్టి అడిగినాడు.

"పశువుల కొట్టమని రాసి సంతకం చేసినావు. పశువుల కొట్టంలో మనిషి ఎందుకున్నాడు?"

పాప తల వంచుకుంది. నేను చెప్పిన మాట చెప్పొచ్చు గదా, చెప్పలేదు.

మా కూతురు నా చెవిలో చెప్తాంది. "అమ్మా, ఎనుమును విప్పేకి పోయినాడని చెప్పు. మగ్గం అంటే ఉండే రెండు గదులు కూడా కొట్టేస్తారేమో." పాలామె కూడా ఆడనే ఉండె. ఆమె ఊఁ అంటే చాలు. ఆమె నా మొగం చూస్తాంది.

నాకు ఆ మాట ఎంత సులువుగా కనపడిందో చెప్పలేను. ఒక్క ముక్క అంటే అయిపోతాది. ఇల్లు ఉంటాది, పాప ఉద్యోగం కూడా ఉంటాది. కానీ అతను నేస్తా పోయినాడు. పెండ్లిచీర ముడులు విప్పుతా పోయినాడు. దాన్ని ఊరోళ్ళ ఎనుముకు రాసిచ్చేకి నాకు నోరు రాలేదు.

"ఎనుము మాది కాదు సార్," అన్నా. "కొట్టం కూడా కాదు. మగ్గం గుంత అది. ఈ పాప అడిగింది. నేను తాళి మీద ఒట్టేసి కొట్టమని చెప్పినా. ఆ గీత కింద మనిషి కూచోకూడదని ఆమె చెప్పింది. కూచోబెట్టింది నేను."

రాసుకునే ఆయన రాసేది ఆపినాడు. మా కూతురు పైటకొంగు నోట్లో కుక్కుకుంది.

పదకొండోనాడు ఆడోళ్ళు నన్ను వంక కాడికే పిల్చకపోయినారు, తాళి తీసేకి. వంక మళ్ళా ఏమీ తెలియనట్టు చీలమండ లోతు పారతాంది. ఆ పాప వచ్చి దూరంగా కంపచెట్ల కాడ నిలబడింది. అందరూ పోయినాక దగ్గరికి వచ్చింది.

"నాకు తెలుసు పెద్దమ్మా," అనింది. "గుంత చప్పుడు విన్నా గదా. ఆరోజే తెలుసు."

"మరి సంతకం ఎందుకు చేస్తివి పాపా?"

"ఎనుమును చూసి నవ్వినా. అంత నవ్వినాక కాదనేకి నోరు రాలేదు. మీరు ఒట్టేసినారని కాదు. నవ్వినందుకు."

నా ఒట్టుకే అతను పోయినాడని ఊర్లో అంటాండారని చెప్పినా. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. "ఒట్టు నీళ్ళకు తెలియదు పెద్దమ్మా. గోడకు పిల్లర్లు లేవు." అని, ఏడ్చింది. నేను కూడా ఏడ్చినా. ఆ పదకొండు రోజుల్లో నాతో నిజం మాట్లాడింది ఆ ఒక్కతే.

ఆమెను నందికొట్కూరు దిక్కు మార్చేసినారు. పోయేటప్పుడు చెప్పి పోలేదు. రెండు గదులు గీతకు సరిగ్గా ఉండాయని వదిలిపెట్టినారు నాకు. కొట్టం కాడ ఏమీ కట్టకూడదని కాగితం ఇచ్చినారు. కట్టేకి ఎవరుండారు? గుంతను నేనే పూడ్చినా, తట్టతో మన్ను మోసి. పెండ్లిచీరను ఉతికి చూసినా, బురద మరక పోలేదు. ఆ నాలుగు మూరలు నేయకుండానే ఉండాది పెట్టెలో.

మొన్న ఒకతను వచ్చినాడు. పక్క స్థలం అమ్మకానికి ఉండాదని విని చూసేకి వచ్చినాడు. ముప్పై ఏండ్లుంటాయి. చేతులు చూస్తే తెలిసింది, నేతపనే. నేను అరుగు మీద కూచోని చూస్తాండా. వంగినాడు. పిడికెడు మన్ను తీసినాడు. పిసికి, ముక్కు కాడ పెట్టుకున్నాడు.

"అమ్మా, ఈడ చెమ్మ బాగుండాదే," అన్నాడు, నన్ను చూసి.

"బాగుండాది నాయనా. అందుకే వద్దంటాండా."

మెట్లు దిగి అతన్ని యాపచెట్టు కాడికి తీసకపోయినా. గీత చూపించినా. బురద ఆనవాలు వానలకు పోయింది గానీ, బెత్త పెట్టి చూపించినా, ఈడికి అని. పూడ్చిన గుంత చూపించినా. ఉండేది ఉన్నట్టు అంతా చెప్పినా, నా ఒట్టుతో సహా. అతను గీత పక్కన నిలబడి తన ఎత్తు చూసుకున్నాడు.

"ఇంతెత్తు లేపితే గుంత తవ్వేకి కాదు గదమ్మా."

"కాదు."

"మా ఇంట్లో నూలు శానా తెగతాంది. ఊరంతా తిరిగినా. ఇంక యాడుండాది చెమ్మ మాకు?"

కట్టొద్దని చెప్పేది నాకు తెలుసు. యాడ కట్టుకోవాలో నాకు తెలియదు. ఆ పాపకు కూడా తెలియదు, తెలిసుంటే ఆరోజే చెప్పుండేది. అతను పిడికిలి విప్పి మన్ను కింద వదిలి, చెయ్యి లుంగీకి తుడుచుకోని పోయినాడు.

నేను ఆరు మెట్లెక్కి వచ్చి రాట్నం ముందర కూచున్నా. ఎవరికో కండెలు చుట్టిస్తాంటా, ఊరికే ఉండలేక. ఎత్తు గది గదా, గాలి ఎండిపోయి ఉంటాది. నాలుగు చుట్లు చుట్టేలోపల పోగు తెగింది. వేలు నాలుకకు తడి చేసుకోని అతికినా.